డ్రిప్ సబ్సిడీకి దరఖాస్తు పెట్టే ముందు

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఇక్కడ డ్రిప్ వేయడమంటే కరువు రాకముందే సిద్ధపడటం. అందుకే తొందరపడి సంతకం పెట్టకండి.

• ముందు బోరు సంగతి. అన్నిటికన్నా ఇదే ముఖ్యం. వానాకాలంలో కాదు, ఏప్రిల్, మే నెలల్లో కొలవాలి. పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఫోన్‌లో సెకన్లు చూడండి. 100 సెకన్లకు నిండితే సెకనుకు 2 లీటర్లన్నమాట. మోటారు వేయగానే కాదు, రెండు గంటలు ఆడాక కొలవండి. మొదట బాగా పోసి, తర్వాత గాలి కొట్టే బోర్లు మన వైపు చాలానే ఉన్నాయి. ఎన్ని ఎకరాలకు పెట్టాలో ఆ లెక్కే చెబుతుంది.

• బిందె అంచున తెల్లగా పొర కడుతోందా? నీటిని చుక్కలుగా వదిలే డ్రిప్పర్లూ అలాగే పూడుకుపోతాయి. నీటి పరీక్ష చేయించి, ఫిల్టర్ ఏది కావాలో అప్పుడే తేల్చుకోండి.

• పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా: మూడింటిలో పేరు ఒకేలా ఉండాలి.

• కేంద్ర మార్గదర్శకాల ప్రకారం సబ్సిడీ సన్న, చిన్నకారు రైతులకు 55 శాతం, మిగతావారికి 45 శాతం, 5 హెక్టార్ల వరకు. రాష్ట్రం పైన కలిపేది వేరు. మీ వాటా ఎంతో కాగితం మీద రాయించుకోండి. మంజూరు కాకముందు సామాను కొనకండి.

• సామాను దిగే రోజు పొలంలోనే ఉండండి. పైపుల మీద ఐఎస్‌ఐ గుర్తు చూసి, చుట్టలు లెక్కపెట్టాకే వేలిముద్ర వేయండి.