ఊరు పెరగట్లేదు, సైన్యం కదలట్లేదు: సివిలైజేషన్ 6 కొత్తవాళ్లకి సమస్య - పరిష్కారం

రాత్రి పదకొండున్నరకి గాజువాక నుంచి మా పిన్ని కొడుకు ఫోను. "అన్నయ్యా, ఆట పాడైపోయినట్టుంది, ఊరు పెరగడం ఆగిపోయింది, బగ్గేటి ఇది?" బగ్గూ కాదు, బూడిదా కాదు. సముద్రం ఒడ్డున చూడముచ్చటగా రాజధాని పెట్టాడు, పక్కన ఏరు ఉందో లేదో చూసుకోలేదు, 40 టర్నుల తర్వాత దాని ఫలితం కనబడింది, అంతే. సివిలైజేషన్ 6 అంటే ఊళ్లు పెట్టి రాజ్యాన్ని పెంచుకునే, టర్నుల వారీగా ఆడే కంప్యూటర్ ఆట. ఈ ఆటతో వచ్చిన గొడవే ఇది, నొప్పి ఒకచోట ఉంటే దెబ్బ తగిలింది ఇంకోచోట. నెల రోజులుగా వాడు నన్ను అడిగినవన్నీ ఇక్కడ పెడుతున్నా. గేదరింగ్ స్టార్మ్ ఎక్స్‌పాన్షన్ (ఆటకి అదనపు ప్యాక్) వేసుకుని, స్టాండర్డ్ స్పీడులో ఆడుతున్నారనుకుని లెక్కలు చెప్తున్నా.

సమస్య: ఊరి జనాభా 3, 4 దగ్గర ఆగిపోయింది

కొత్తవాళ్లు వెంటనే చేసే పని ఇంకో రెండు పొలాలు వేయడం. ఆగండి. ముందు ఊరి మీద క్లిక్ చేసి మూడు అంకెలు చూడండి: తిండి, హౌసింగ్ (ఎంతమందికి చోటుందో), అమెనిటీలు (జనాన్ని సంతోషంగా ఉంచేవి). ఒక్కో మనిషి టర్నుకి 2 తిండి తింటాడు, అది పోగా మిగులు సున్నా అయితే తిండి సమస్యే, పొలాలు వేసుకోండి. మిగులు బాగానే ఉన్నా ఊరు కదలట్లేదంటే నూటికి తొంభై సార్లు అది హౌసింగే.

కారణం నీళ్లు. ఏరో చెరువో ఒయాసిస్సో ఆనుకుని ఊరు పెడితే హౌసింగ్ 5తో మొదలవుతుంది, సముద్రం ఒడ్డున అయితే 3, ఏ నీళ్లూ లేకపోతే 2. రాజధానిలో ప్యాలెస్ ఇంకో 1 కలుపుతుంది. మావాడిది ఒడ్డున ఉన్న రాజధాని, అంటే 3 ప్లస్ 1, మొత్తం 4. జనాభా ఆ పరిమితికి ఒక్క అడుగు దూరంలోకి రాగానే పెరుగుదల సగానికి పడిపోతుంది, పరిమితిని తాకితే పావు వంతే, పరిమితికన్నా 5 ఎక్కువైతే పూర్తిగా ఆగిపోతుంది. మన వైజాగ్ వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎదురుగా బంగాళాఖాతం అంతా ఉన్నా బిందెలోకి నీళ్లు రావాలంటే తాటిపూడి, రైవాడ, ఏలేరు రిజర్వాయర్ల వైపు చూడాల్సిందే కదా.

పరిష్కారం: పాటరీ టెక్నాలజీ నేర్చుకుని గ్రానరీ (ధాన్యపు కొట్టు) కట్టండి, 2 హౌసింగ్ వస్తుంది. ఒక్కో పొలం అర హౌసింగ్ ఇస్తుంది, కాబట్టి పొలాలు పూర్తిగా వృథా కాదు. ఇంజనీరింగ్ వచ్చాక అక్విడక్టు (ఊరికి నీళ్లు తెచ్చే కాలువ) కడితే మంచినీళ్లు లేని ఊరి నీటి హౌసింగ్ 6కి చేరుతుంది, కానీ అది సిటీ సెంటర్‌నీ, ఏరు లేదా పర్వతాన్నీ (మౌంటెన్) రెండింటినీ ఆనుకుని ఉండాలి, కాబట్టి ఆ టైల్‌ని (మ్యాపులోని ఆ గడిని) ముందే ఖాళీగా ఉంచుకోండి. తర్వాతి ఊరికైతే సెట్లర్‌ని (కొత్త ఊరు పెట్టే యూనిట్‌ని) సెలెక్ట్ చేయగానే మ్యాపు మీద వచ్చే రంగులు చూడండి: ముదురు ఆకుపచ్చ మంచినీళ్లు, లేత ఆకుపచ్చ సముద్రం, బూడిద రంగు ఎండు నేల. అందంగా ఉందని బూడిద రంగులో ఊరు పెట్టకండి.

అమెనిటీల సంగతి చిన్నదే. ఒక్కో లగ్జరీ వస్తువు నాలుగు ఊళ్ల వరకు ఒక్కో అమెనిటీ ఇస్తుంది. అదే వస్తువు రెండోది మీకు ఎందుకూ పనికిరాదు, పక్క రాజుకి అమ్మేసి బంగారం తీసుకోండి.

సమస్య: ఎక్కడి నుంచో బార్బేరియన్లు (ఏ రాజ్యానికీ చెందని దోపిడీ మూకలు) గుంపులుగా వచ్చి పడుతున్నారు

"నేనెవరి జోలికీ పోలేదన్నయ్యా" అంటాడు. పోలేదు నిజమే, కానీ పది టర్నుల కింద ఒక బార్బేరియన్ స్కౌట్ (వేగు) నీ ఊరి పక్కకి వచ్చి, నెత్తి మీద ఎర్రటి ఆశ్చర్యార్థకం పెట్టుకుని వెనక్కి పరిగెడుతుంటే, నువ్వేమో దాన్ని వదిలేసి ఎండ్ టర్న్ కొట్టావు. ఆ స్కౌట్ క్యాంపుకి చేరి కబురు చెప్పిందంటే దండు బయల్దేరినట్టే.

పరిష్కారం: ఆ స్కౌట్‌ని క్యాంపుకి చేరకముందే చంపడం. దానికి మీ వారియర్‌ని ఒక్కణ్ణే వెంటపడనివ్వకండి, స్కౌట్ వేగం ఎక్కువ, దొరకదు. మొదట్లోనే ఒక స్లింగర్‌ని (వడిసెలతో రాళ్లు విసిరేవాణ్ణి) తయారుచేసి ఊరి దగ్గర ఉంచి, ఇద్దరితో అటూ ఇటూ దారి కాయండి. స్లింగర్‌తో చివరి దెబ్బ కొడితే ఆర్చరీకి యురేకా కూడా వస్తుంది, అంటే ఆ టెక్నాలజీ ఖర్చులో 40 శాతం ఉచితం. దండు ఇప్పటికే వచ్చేసిందా, డిసిప్లిన్ పాలిసీ కార్డు పెట్టండి, బార్బేరియన్ల మీద 5 బలం పెరుగుతుంది. క్యాంపులు మీ కంటికి కనబడని చోట్లే పుడతాయి, కాబట్టి కొండ మీద ఒక యూనిట్‌ని నిలబెట్టి కాపలా పెట్టినా చాలు, ఆ చుట్టుపక్కల కొత్తది పుట్టదు.

సమస్య: ఇంకా అడుగు మిగిలుంది, యూనిట్ కదలట్లేదు

సివిలైజేషన్ 5 ఆడి వచ్చినవాళ్లే దీనికి ఎక్కువ తిట్టుకుంటారు. అందులో కొంచెం కదలిక మిగిలినా పక్క టైల్‌లోకి దూరిపోవచ్చు. ఇందులో ఆ టైల్ ఖర్చు మొత్తం చేతిలో ఉండాలి. వారియర్‌కి 2 కదలికలు, చదును నేలకి 1 అయిపోయింది, మిగిలింది 1, ముందున్న కొండకి (హిల్) 2 కావాలి, అక్కడే ఆగిపోతాడు. కైలాసగిరి మెట్లు సగం ఎక్కి ఆయాసంతో కూర్చున్నవాడిని గుర్తు తెచ్చుకోండి. అడవి ఉన్న కొండకి 3. అయితే ఒక వెసులుబాటు ఉంది: టర్ను మొదట్లో కదలికలు పూర్తిగా ఉన్న యూనిట్ ఎంత ఖరీదైన టైల్‌లోకైనా ఒక్క అడుగు వేయగలదు. కాబట్టి కొండ ముందు టర్ను ముగించి, తర్వాతి టర్నులో తాజాగా ఎక్కండి.

సమస్య: రెండో డిస్ట్రిక్ట్ కట్టనివ్వట్లేదు

డిస్ట్రిక్ట్ అంటే ఊరి పక్క టైల్‌లో ఒక్కో పనికి కట్టే పేట. జనాభా చాలలేదు. మొదటిదానికి 1, రెండోదానికి 4, మూడోదానికి 7. అక్విడక్టు ఈ లెక్కలోకి రాదు. దీంతోపాటు ఇంకో మాట. టెక్నాలజీలు, సివిక్స్ పెరిగేకొద్దీ డిస్ట్రిక్ట్ ధర కూడా పెరుగుతుంది, కానీ ఒకసారి నేల మీద పునాది పెట్టేస్తే ఆ రోజు ధరే ఖాయం. ఇప్పుడే కట్టకపోయినా పునాది వేసి వదిలేయండి, స్థలం రిజిస్ట్రేషన్ చేయించుకున్నట్టు. క్యాంపస్ (సైన్స్ డిస్ట్రిక్ట్) అయితే పర్వతాల పక్కన పెట్టండి, ఆనుకున్న ఒక్కో పర్వతానికి సైన్స్ ఒకటి పెరుగుతుంది.

సమస్య: స్వోర్డ్స్‌మన్ బూడిద రంగులో ఉంది

అంటే ఈ కత్తి సైనికుణ్ణి తయారుచేయడానికి కావాల్సిన 20 ఇనుము మీ దగ్గర లేదు. గని వేసినా టర్నుకి 2 వస్తుంది, అంటే పది టర్నులు ఆగాలి, అసలు గనే లేకపోతే ఇంకెవరి దగ్గరైనా కొనాలి. మన స్టీల్ ప్లాంటుకే సొంత ఇనుప గని లేదు, ఖనిజం బైలదిల్లా నుంచి రైళ్లలో వస్తుంది, మీరు కొనుక్కుంటే నామోషీ ఏమీ కాదు.

సమస్య: ఎంత కొట్టినా శత్రువు గోడ మీద గీత పడట్లేదు

వారియర్లు, స్వోర్డ్స్‌మన్‌లు ఉత్త చేతులతో గోడకి 15 శాతం దెబ్బే వేస్తారు. ఒక బ్యాటరింగ్ ర్యామ్ (గోడలు బద్దలుకొట్టే దూలం) తెచ్చి ఊరిని ఆనుకుని నిలబెట్టండి, సైనికుడున్న టైల్‌లోనే అది కూడా నిలబడుతుంది, ప్రాచీన గోడల మీద పూర్తి దెబ్బ పడుతుంది. గుర్రపు దళానికి ఇది వర్తించదు. ఆర్చర్లతో ఊరి ప్రాణం సున్నాకి తెచ్చి "పట్టుకోలేకపోతున్నా" అని నాకు ఫోను చేయకండి, లోపలికి అడుగుపెట్టడానికి కత్తి పట్టినవాడు ఒకడుండాలి.

సమస్య: కొత్త ఊరు నా మీదే తిరగబడింది

లాయల్టీ, అంటే ఊరికి మీ మీదున్న విధేయత. 9 టైళ్ల లోపు ఉన్న ఊళ్లన్నీ మీ ఊరిని లాగుతుంటాయి, జనాభా ఎక్కువున్నవి గట్టిగా, దగ్గరున్నవి ఇంకా గట్టిగా. పక్క రాజు రాజధాని గుమ్మంలో చిన్న ఊరు పెడితే లాయల్టీ 100 నుంచి కరిగి సున్నాకి వచ్చి చేజారుతుంది. గవర్నర్‌ని వెంటనే పంపండి, టర్నుకి 8 లాయల్టీ కలుస్తుంది, ఊళ్లో మొదటి కట్టడం మాన్యుమెంట్ కావాలి. అసలు సెట్లర్ చేతిలో ఉన్నప్పుడే ఆ చోట లాయల్టీ ఎంత ఉంటుందో మ్యాపు మీద కనబడుతుంది.

సమస్య: వరదకి పొలాలు పాడయ్యాయి

ఇది అడిగినప్పుడు మావాడి గొంతులో నిజంగానే టెన్షన్ ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు చిన్నవాడు, ఇంట్లో కరెంటు లేని రాత్రులు బాగానే గుర్తున్నాయి వాడికి. ఆటలో మాత్రం అంత లేదు. బిల్డర్‌ని పంపితే పాడైన పొలాన్ని బాగుచేస్తాడు, దానికి అతని ఛార్జీ ఒక్కటీ ఖర్చవదు. వరద వచ్చి వెళ్లిన నేల కొన్నిసార్లు ముందుకన్నా సారవంతం కూడా అవుతుంది, కాబట్టి ఆ టైల్ మీద ఇంకోసారి మౌస్ పెట్టి తిండి అంకె చూడండి. మావాడి పొలం ఒకటి 3 నుంచి 4కి పెరిగింది, ఇక వాడు ఆనకట్ట కట్టనని మొండికేసి కూర్చున్నాడు.