నలభై దాటాక సరళీ స్వరాలు ఎలా సాధన చేయాలి?

పెద్దవయసులో కర్ణాటక సంగీతం మొదలుపెట్టినవాళ్లు చాలామంది రెండో నెలలోనే "సరళీలు అయిపోయాయండీ, కీర్తన ఎప్పుడు?" అని అడుగుతారు. సరళీలంటే సరిగమలను వరసగా ఎక్కుతూ దిగుతూ పాడే తొలి పాఠాలు. వాటి వరుస నోటికి రావడానికి వారం చాలు. గొంతు ఆ స్వరాల మీద నిలబడాలంటే రోజూ కూర్చున్నా ఆరు నెలలు పడుతుంది. ఆ ఆరు నెలలు ఎలా గడపాలో చూద్దాం.

కావలసినవి తక్కువే. శ్రుతిపెట్టె లేదా ఫోనులో తంబురా యాప్, సమంగా దెబ్బలు వినిపించే ఒక మెట్రోనోమ్, ఒక నోటుపుస్తకం, రోజుకు 25 నిమిషాలు. వీటితోపాటు వారానికి ఒక్కసారైనా మీ పాట వినే గురువు ఉండాలి. వీడియోలు చూసి వరుస నేర్చుకోవచ్చు గానీ, మీ రిషభం (రి) ఎక్కడ జారుతోందో వీడియో చెప్పదు. మొదట్లో మీ చెవికీ తెలియదు.

శ్రుతి ఎంచుకోవడం

శ్రుతి అంటే మీ స ఉండే ఎత్తు. మగవాళ్లకు సాధారణంగా ఒకటి నుంచి రెండు, ఆడవాళ్లకు నాలుగున్నర నుంచి ఆరు మధ్య కుదురుతుంది. యాప్‌లో ఒకటి అంటే సి, రెండు అంటే డి, ఐదు అంటే జి. పై షడ్జం (పై స) పట్టి ఎనిమిది లెక్కపెట్టేదాకా ఆపి చూడండి. గడ్డం పైకి లేస్తున్నా, మెడ నరాలు ఉబ్బుతున్నా శ్రుతి అర దించండి. ఒకసారి కుదిరాక గురువు చెబితే తప్ప మార్చొద్దు. ఇవాళ ఒకటిన్నర, రేపు రెండు అంటూ మారిస్తే గొంతుకు ఒక చోటు అలవాటు కాదు.

మొదటి వారం: స, ప, పై స

తంబురా పెట్టుకుని ఈ మూడే పాడండి. ఒక్కో స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు, వణుకు లేకుండా. తంబురాలో మీ గొంతు కలిసిపోయి విడిగా వినిపించని క్షణం ఒకటి వస్తుంది. శ్రుతి కలవడమంటే అదే. ఇది విసుగు పుట్టించే వారమే, కానీ దీన్ని దాటేసినవాళ్లు మూడో నెలలో మళ్లీ ఇక్కడికే వస్తారు.

అదే వారం తాళం విడిగా నేర్చుకోండి. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు: ఒక దెబ్బ, తర్వాత చిటికెన, ఉంగరపు, మధ్య వేళ్లు, ఆపైన దెబ్బ, విసురు (అరచేయి తిప్పడం), దెబ్బ, విసురు. నోటితో ఏమీ అనకుండా, మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి ఐదు నిమిషాలు చేతితో వేయండి. బస్సులో తొడ మీద వేసుకున్నా పనికొస్తుంది.

మొదటి సరళి

స రి గ మ | ప ద | ని స ||
స ని ద ప | మ గ | రి స ||

రాగం మాయామాళవగౌళ, 15వ మేళకర్త, అంటే ఏడు స్వరాలూ ఉన్న మూల రాగాల్లో పదిహేనోది. ప్రాథమిక పాఠాలకు దీన్ని పెట్టినవాడు పురందరదాసు అని సంప్రదాయం చెబుతుంది. ఎంపిక వెనక మంచి లెక్క ఉంది. స నుంచి రికి ఎంత దూరమో ప నుంచి దకి అంతే, గ నుంచి మకి ఎంతో ని నుంచి పై సకి అంతే. పూర్వాంగం (స రి గ మ), ఉత్తరాంగం (ప ద ని స) ఒకే అచ్చు. కాబట్టి ఒక సగంలో తప్పు వస్తే రెండో సగం సాయంతో దిద్దుకోవచ్చు.

నిమిషానికి 60 దెబ్బల మీద మొదటి కాలంలో, అంటే దెబ్బకు ఒక స్వరం చొప్పున, ఈ సరళి 16 సెకన్లు పడుతుంది. రెండో కాలంలో దెబ్బకు రెండు స్వరాలు, 8 సెకన్లు. మూడో కాలంలో దెబ్బకు నాలుగు, 4 సెకన్లు. మూడు కాలాల్లోనూ చేతి వేగం ఒక్కటే. మొదటి మూడు నెలలూ మొదటి కాలంలోనే ఉండండి. 60 కూడా తొందరగా అనిపిస్తే 40కి దించండి. అప్పుడు ఒక్కో స్వరం మీద సెకనున్నర నిలబడాలి, దొంగతనానికి చోటు ఉండదు.

రోజు 25 నిమిషాలు

తంబురాతో స ప స పట్టడానికి 5 నిమిషాలు. పాత సరళీలు 8 నిమిషాలు. కొత్తది, అదీ ఒక్కటే, 6 నిమిషాలు. ఆకారంలో, అంటే స్వరం పేర్లు లేకుండా "ఆ" అంటూ, 4 నిమిషాలు. చివరి రెండు నిమిషాలు ఎక్కడ తడబడ్డారో పుస్తకంలో రాయండి: "3వ సరళి, దిగేటప్పుడు ని తగ్గింది" అన్నట్టు. "బాగా రాలేదు" అని రాస్తే మర్నాటికి దానితో పని ఉండదు. భోజనం చేసిన వెంటనే కూర్చోవద్దు.

కొత్త సరళికి వెళ్లాలంటే ఉన్నది వరసగా మూడు రోజులు మొదటి కాలంలో తప్పు లేకుండా రావాలి. రెండు రోజులు వచ్చి మూడో రోజు తప్పితే లెక్క మళ్లీ ఒకటి నుంచే. కటువుగా ఉంటుంది గానీ, 14 సరళీలను ఇలా దాటినవాళ్లకు వెనక్కి వచ్చే పని తక్కువ.

ఎక్కడ చెడుతుంది

రి పైకి పోతుంది. మనం వినే పాటల్లో ఎక్కువగా ఉండేది చతుశ్శ్రుతి రిషభం, అంటే కాస్త పైనుండే రి; ఇక్కడిది శుద్ధ రిషభం, సకి ఆనుకుని ఉంటుంది. రి ఎగిరినప్పుడు ప ద, ప ద అని నాలుగుసార్లు పాడి, అదే అడుగును స రి మీద వేయండి.

దిగేటప్పుడు ని కుంగుతుంది. పై స నుంచి జారినట్టు పాడితే ఇలా అవుతుంది. స ని స, స ని స అని తిరిగి పైకి ముట్టి రండి.

కామా దగ్గర నోరు ఆగుతుంది. ఐదో సరళిలో స రి గ మ | ప , | స రి || అని ఉంటుంది. ఆ కామా విరామం కాదు, ప మరో అక్షరం సాగాలి.

రెండో కాలంలో చెయ్యి నోటి వెంట పరుగెత్తుతుంది. దీనికి మందు, స్వరాలను రాగం లేకుండా మాటలా చెబుతూ తాళం వేయడం. ఒక నిమిషం అలా చెప్పి, వెంటనే పాడండి.

గొంతు నొప్పి పుడితే మాత్రం ఓర్పు చూపించే చోటు కాదది. ఆ పూటకు ఆపేయండి. జలుబు రోజుల్లోనూ పాడకుండా, మాటగా చెబుతూ తాళం వేస్తే చాలు, ఆ రోజు లెక్కలోకి వస్తుంది. వారం తప్పిపోతే పోగొట్టుకున్న నిమిషాలు ఒకే ఆదివారం పూడ్చాలని చూడొద్దు. రెండు గంటలు వరసగా పాడితే సోమవారానికి గొంతు బొంగురుపోతుంది. రెండు సరళీలు వెనక్కి వెళ్లి, అదే 25 నిమిషాలతో మొదలుపెట్టండి.

విదేశాల నుంచి వీడియో కాల్‌లో నేర్చుకునేవాళ్లకు ఒక మాట: శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువుతో కలిసి పాడలేరు. తంబురా మీ దగ్గర పెట్టుకుని, వారు పాడి ఆపాక మీరు పాడండి.

మూడో నెల

ప్రతి ఆదివారం ఒకే సరళిని ఫోనులో రికార్డు చేసి దాచండి. మూడో నెలలో వింటే మునుపటికంటే అధ్వాన్నంగా ఉన్నట్టు తోస్తుంది, సగంమంది సంగీతం తమకు రాదనుకునేది ఇప్పుడే. జరిగిందేమిటంటే చెవి గొంతుకంటే ముందు ఎదిగింది. మొదటి ఆదివారం రికార్డు తీసి, నేటిదాని పక్కన పెట్టి వినండి. అప్పుడు వినపడని తప్పులు అందులో ఇప్పుడు వరసగా వినిపిస్తాయి.

నాలుగో నెల నుంచి రెండో కాలం, ఆ తర్వాత జంట స్వరాలు. సస రిరి గగ మమ అన్నప్పుడు ఒత్తు ప్రతి జంటలో రెండో స్వరం మీద పడాలి, మొదటిదాని మీద కాదు. మూడో కాలానికి తొందర లేదు.

జంటలూ, అలంకారాలూ (వేర్వేరు తాళాల్లో కూర్చిన స్వర పాఠాలు) ముగిసి మలహరి రాగంలో పురందరదాసు గీతాలకు, అంటే తేలికైన తొలి పాటలకు, వచ్చినప్పుడు ఒక తమాషా జరుగుతుంది. మలహరి మాయామాళవగౌళకే జన్యం, అంటే దాన్నుంచి పుట్టిన రాగమే, కానీ ఎక్కేటప్పుడు గ ఉండదు, ని అసలే లేదు: స రి మ ప ద స. ఇన్ని నెలలు రి గ మ అని అలవాటైన గొంతు రి నుంచి మకి వెళుతూ దారిలో గను తొక్కుతుంది. అక్కడ మళ్లీ 40కి దించి, రి మ, రి మ అని పది సార్లు.