విశాఖలో పాత సెడాన్ కొనేముందు చూడవలసినవి

విశాఖపట్నంలో చవక సెడాన్‌ను పాతదిగా కొనేవారు ఇంజిన్ కన్నా ముందు తుప్పును వెతకాలి. భీమిలి, రుషికొండ వైపు ఆరుబయట నిలిపిన బండి డిజైర్ అయినా, ఎటియోస్ అయినా, ఉప్పుగాలికి తలుపుల అడుగు అంచులు, సైలెన్సర్, బ్రేకు పైపులు, ఏసీ కండెన్సర్ త్వరగా దెబ్బతింటాయి. పైన కొత్త రంగు మెరుస్తున్నంత మాత్రాన నమ్మకుండా, బండిని లిఫ్టు ఎక్కించి అడుగుభాగాన్ని టార్చిలైటుతో పరీక్షించాలి. అందుకు అమ్మకందారు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో విడిచిపెట్టడం మేలు.

క్లచ్ సంగతి సింహాచలం ఘాట్ రోడ్డు చెబుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ మోత పెరిగినా వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగిందనుకోవాలి. గుంతల్లో టకటక చప్పుడు వస్తే సస్పెన్షన్‌లో కుదుపును తట్టుకునే రబ్బరు బుష్‌లనో, లింక్ రాడ్లనో అనుమానించాలి. బుష్‌ల ఖర్చు స్వల్పమే గాని, క్లచ్ మార్పులో విడిభాగాల ధరకు గేర్‌బాక్సు దింపే కూలీ కూడా తోడవుతుంది. డీజిల్ బండిలో టర్బో, ఇంజెక్టర్లు పాడైతే ఇంధన ఖర్చులో ఆదా అయినదంతా మరమ్మతుకే పోతుంది కనుక, తక్కువ తిరిగేవారికి పెట్రోలే నయం.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసి, ఆపై 5 ఏళ్లకొకసారి పునరుద్ధరించుకోవలసి ఉంటుంది కాబట్టి, ఆ గడువు దగ్గరపడిన బండి ధరలో ఆ ఖర్చును ముందే తగ్గించి అడగాలి. ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) బ్యాంకు అప్పు నమోదై ఉంటే, దాన్ని తీసివేయించిన తరువాతనే పూర్తి సొమ్ము చెల్లించాలి. యాజమాన్యం మారిన 14 రోజుల్లోగా బీమాను తమ పేరు మీదికి మార్చమని దరఖాస్తు చేసుకోవాలి.