పదిహేను వందలతో పొడుల వ్యాపారం ఎట్ల మొదలుపెట్టాలంటే

ఇంట్లో స్టవ్వు, మిక్సీ, ఒక మందపాటి బాణలి ఉంటే చాలు, మిగతాదానికి నాకు పదిహేను వందల దాకా అయింది అంతే. తిరుపతిలో మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు అడిగినారు ఎట్ల చేస్తా ఉండావక్కా అని, అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఈడ రాసేస్తా ఉండా.

మొదట ఒక్క ఐటమే పెట్టుకోండి. నేను నిప్పట్లు, మురుకులు, నిమ్మకాయ ఊరగాయ, పొడులు అన్నీ ఒకేసారి పెట్టి నెలకే చేతులెత్తేసినా, నూనె ఖర్చు ఒక పక్క, నిప్పట్లేమో ఆటోలో అంగడికి చేరేలోపే సగం విరిగిపోయేవి. ఆఖరికి నిలబడింది చెనక్కాయల పొడి. ఇడ్లీకీ దోసెకీ సరే, వేడన్నంలో నెయ్యేసుకుని తినేవాళ్ళకి కూర కూడా అక్కర్లేదు.

లెక్క ముందే పేపర్ మీద రాసుకోండి, నోటి లెక్కలొద్దు. నేను కొన్నప్పుడు కిలో చెనక్కాయ గింజలు 140, ఒట్టి మిరపకాయలు 100 గ్రాములు 25, తెల్లగడ్డలు, ఉప్పు, జీలకర్ర కలిపి 15, గ్యాసూ కరెంటూ ఒక 15. వేయించి పొట్టు తీస్తే కిలో గింజలు 900 గ్రాములే మిగుల్తాయి, ఇది చానా మంది మర్చిపోతారు. అన్నీ కలిపితే కిలో పైన కొంచెం వస్తాది, అంటే 200 గ్రాముల ప్యాకెట్లు ఐదు, మిగిలింది శాంపిల్‌కి. కవరూ లేబులూ ప్యాకెట్‌కి 4. మొత్తం 215, ప్యాకెట్ 43 పడింది. 80కి అమ్మితే 37 మిగులు, అదే అంగడాయన 20 శాతం పట్టుకుంటే 21 మాత్రమే. మన కష్టం కూడా అందులోనే సుమా.

ఇంక చేసే పద్ధతి. నల్లగా ముడుచుకున్న గింజలు, బూజు వాసనొచ్చేవి ముందే ఏరి పారేయండి, వేయిస్తే పోతాదిలే అనుకోవద్దు, ఆ బూజు విషం వేయించినా పూర్తిగా పోదు. సన్న మంట మీద కలబెడతానే ఉండాలి, పొట్టు వేలితో నలిపితే రాలిపోవాల. తెల్లగడ్డలో తడి ఉంటాది కాబట్టి అది బాగా ఎండేదాకా వేయించాల. అన్నీ పూర్తిగా చల్లారినాకనే మిక్సీ, అది కూడా ఆపి ఆపి తిప్పండి, ఒకే పట్టున తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతాది. నేనొకసారి తొందర్లో గోరువెచ్చగా ఉన్నప్పుడే కవర్లు సీల్ చేసేసినా, పొద్దున చూస్తే లోపల చెమట పట్టింది, ఇరవై ప్యాకెట్లు పారబోసినా, మా యమ్మ రెండు దినాలు నాతో మాట్లాడలే.

ఎన్నాళ్ళు నిలవుంటాదో ఎవుర్నీ అడగొద్దు. ప్రతి విడతలో నాలుగైదు ప్యాకెట్లు పక్కన పెట్టి వారానికొకటి విప్పి చూడండి. కనరు వాసన ఎప్పుడొస్తాదో దానికి పది దినాలు ముందుకి గడువు తేదీ వేసుకోండి.

ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే తినే సరుకుల మీద నిఘా పెట్టే కేంద్ర ప్రభుత్వ సంస్థ, దాని అనుమతి లేకుండా అమ్మొద్దు. ఇంట్లో చేసే చిన్న వాళ్ళకి పెద్ద లైసెన్స్ కాదు, రిజిస్ట్రేషన్ చాలు, ఫాస్‌కాస్ అని వాళ్ళ వెబ్‌సైట్ ఉంటాది, అందులో ఆధారూ ఫోటో పెట్టి అప్లై చేసుకోవచ్చు, నేను కట్టింది ఏడాదికి 100 రూపాయలు. మధ్యలో ఎవరో వెయ్యిన్నర అడిగినారు, ఇవ్వలే. వచ్చే 14 అంకెల నంబర్ లేబుల్ మీద ఉండాల, దాంతో పాటు ఏమేం వేసినారో, బరువు, ఎంఆర్‌పీ, ప్యాక్ చేసిన తేదీ, గడువు, మీ అడ్రస్, శాకాహారమని పచ్చ చుక్క.

యాత్రికులకి అమ్ముదాం అని అందరికీ మొదట అనిపిస్తాది, నాకూ అనిపించింది. లడ్డూలు చేసి మాత్రం తిరుపతి లడ్డూ అని పేరు పెట్టొద్దు, దానికి 2009లోనే జీఐ గుర్తింపు, అంటే ఆ చోటి సరుకుకే ఆ పేరు అని ప్రభుత్వమిచ్చే ముద్ర, వచ్చేసింది, ఆ పేరు టీటీడీది. పైగా యాత్రికుడు ఒకసారి కొని వెళ్ళిపోతాడు. యూనివర్సిటీల పక్క హాస్టళ్ళలో ఉండే పిల్లలైతే నెలనెలా కొంటారు, మెస్ కూర నచ్చని దినం మన పొడే దిక్కు వాళ్ళకి. ఒక రూముకి 50 గ్రాములు ఫ్రీగా ఇచ్చి ఫోన్ నంబర్ రాసిచ్చినా, వారానికి ఆ ఫ్లోర్ నుంచే ఎనిమిది ఆర్డర్లు వచ్చినాయి.

అంగళ్ళకి వేస్తే మాత్రం మొదట ఐదు ప్యాకెట్ల కన్నా ఎక్కువ ఇవ్వొద్దు, ప్రతి సోమవారం మీరే పోయి తేదీలు చూసి పాతవి వెనక్కి తెచ్చుకోండి, డబ్బులు ఇచ్చినాకనే కొత్తవి పెట్టండి.