కారు ఇన్సూరెన్స్ ఏజెంటుగా పని మొదలుపెట్టడం ఎలా?

థర్డ్ పార్టీ పాలసీ (మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి చేసే ఇన్సూరెన్స్) లేకుండా కారు రోడ్డెక్కకూడదని మోటార్ వాహనాల చట్టం చెబుతోంది. మొదటిసారి దొరికితే 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, ఒక్కోసారి రెండూ. అందుకే ఈ పనిలో "ఇన్సూరెన్స్ ఎందుకండీ" అని అడిగేవాళ్లు తక్కువ. "మీ దగ్గరే ఎందుకు చేయించుకోవాలి" అనేవాళ్లే ఎక్కువ.

1. ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోండి

సులువైనది పీవోఎస్పీ, అంటే పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండితే చాలు. 15 గంటల శిక్షణ, ఆపైన పరీక్ష ఉంటాయి. మిమ్మల్ని చేర్చుకునే కంపెనీయో బ్రోకరో (చాలా కంపెనీల పాలసీలు అమ్మే సంస్థ) ఆ రెండూ పెడుతుంది. రెండోది ఏజెంటు లైసెన్సు దారి. దీనికి ఒక కంపెనీ మిమ్మల్ని తీసుకోవాలి, ఐసీ38 అనే ఏజెంట్ల పరీక్ష పాసవ్వాలి. 50 ప్రశ్నలు, గంట టైము. జనరల్ ఇన్సూరెన్స్‌లో ఒక్క కంపెనీ పాలసీలే అమ్మగలరు.

కార్ల మీదే పని చేయాలనుకుంటే బ్రోకర్ దగ్గర పీవోఎస్పీగా మొదలుపెట్టడమే మేలు. ఒకే కారుకు ఒక్కో కంపెనీ ఒక్కో రేటు చెబుతుంది. చేతిలో ఒకటే కంపెనీ ఉంటే, ఆ రేటు నచ్చని కస్టమర్ మీ ముందే ఫోన్ తీసి ఇంకోచోట చూసుకుంటాడు.

ఆధార్, పాన్, పదో తరగతి మెమో, ఫొటో, క్యాన్సిల్ చేసిన చెక్కు సిద్ధం చేసుకోండి. మనవాళ్ల అప్లికేషన్లు ఎక్కువగా ఇంటిపేరు దగ్గర ఆగిపోతాయి. మెమోలో పొడి అక్షరం, పాన్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటుంది. ముందే సరిచేయించుకోండి.

ఫ్రెండు ఐడీ మీద పాలసీలు చేయడం మాత్రం వద్దు. ప్రతి పాలసీ అమ్మిన పీవోఎస్పీ పాన్‌కో ఆధార్‌కో ముడిపడి ఉంటుంది. ఏడాది కష్టపడి చేసిన వ్యాపారం కాగితం మీద మీ స్నేహితుడిదే అవుతుంది.

2. ప్రీమియం లెక్క నోటికి రావాలి

ప్రీమియంలో రెండు భాగాలు. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించింది, ఎవరి దగ్గరైనా ఒకటే. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం ఏడాదికి 1000 సీసీ లోపు కారుకు 2,094, 1000 నుంచి 1500 సీసీ వరకు 3,416, ఆపైన 7,897 రూపాయలు. ఓన్ డ్యామేజ్ అంటే మన కారుకే జరిగే నష్టానికి, దాని రేటు కంపెనీ ఇష్టం. బేరమంతా అక్కడే.

1197 సీసీ కారు తీసుకోండి. ఓన్ డ్యామేజ్ 9,000 వచ్చిందనుకుందాం. అయిదేళ్లుగా క్లెయిమ్ లేదు కాబట్టి ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు) 50 శాతం, అది పోగా 4,500. దానికి థర్డ్ పార్టీ 3,416 కలిపితే 7,916. 18 శాతం జీఎస్టీతో 9,341. ఎన్‌సీబీ మొత్తం ప్రీమియం మీద రాదు, ఓన్ డ్యామేజ్ మీదే వస్తుంది. కొత్తవాళ్లు ఇక్కడ తప్పు చెప్పి, బిల్లు వచ్చాక మాట పడతారు.

మరి మీకెంత? 2023 వరకు ఏజెంటు కమీషన్‌కు ఓన్ డ్యామేజ్‌లో 15 శాతం, థర్డ్ పార్టీలో 2.5 శాతం గరిష్ఠ పరిమితి. ఇప్పుడు కంపెనీలే నిర్ణయించుకుంటున్నాయి. ఆ పాత లెక్కనే చూసినా పై కారుకు దాదాపు 760 రూపాయలు. నెలకు 25 కార్లు చేస్తే 19,000, అందులోంచే పెట్రోలు, ఫోను. మొదటి ఏడాది ఉన్న ఉద్యోగం మానేసి దూకకండి.

కమీషన్‌లో సగం వెనక్కిస్తానని కస్టమర్‌ను లాక్కోవడం మామూలైపోయింది కానీ, ఇన్సూరెన్స్ చట్టం 41వ సెక్షన్ ప్రకారం అది నేరం. 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

3. తేదీల పుస్తకం పెట్టుకోండి

కారు నంబరు, ఓనరు ఫోను, పాలసీ ముగిసే తేదీ, ఎన్‌సీబీ శాతం, లోన్ ఉందా లేదా. ఈ అయిదు గళ్లు చాలు. మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్, మెకానిక్ షెడ్లు, డెంటింగ్ పెయింటింగ్ వాళ్లు, డ్రైవింగ్ స్కూళ్లు, సెకండ్ హ్యాండ్ కార్ల కన్సల్టెన్సీలు... మొదటి వంద పేర్లు ఇక్కడే దొరుకుతాయి. గడువుకు 45 రోజుల ముందు ఒక ఫోను, 15 రోజుల ముందు కొటేషన్, మూడు రోజుల ముందు పేమెంట్ లింకు.

గడువు దాటి 90 రోజులైతే ఎన్‌సీబీ మొత్తం పోతుంది. పై కారుకు జీఎస్టీతో కలిపి 5,310 రూపాయల నష్టం. ఒక్కరోజు దాటినా ఓన్ డ్యామేజ్‌కు మళ్లీ ఇన్‌స్పెక్షన్ కావాలి. నాలుగు వైపులా, అద్దం, ఓడోమీటర్, ఛాసిస్ నంబరు కనిపించేలా పగటి వెలుతురులో వీడియో తీయించండి. చీకట్లో సెల్లార్‌లో తీస్తే తిరిగొస్తుంది.

4. ఫారం నింపేటప్పుడు

"పోయినేడు క్లెయిమ్ చేశారా" అని అడిగి ఊరుకోకండి, పాత పాలసీ కాపీ చూడండి. లేని ఎన్‌సీబీ రాస్తే క్లెయిమ్ రోజున పాత కంపెనీని అడిగి పట్టుకుంటారు. సెకండ్ హ్యాండ్ కారైతే పాత ఓనరు ఎన్‌సీబీ కొత్త ఓనరుకు రాదు, అది మనిషిది, బండిది కాదు. పేరు మారిన 14 రోజుల్లోపు పాలసీ కూడా మార్పించాలి. గ్యాస్ కిట్ ఉంటే ఆర్‌సీలో ఎక్కించి, పాలసీలోనూ రాయించాలి. తెల్ల ప్లేటు కారును అద్దెకు తిప్పుతున్నారని తెలిస్తే, క్లెయిమ్ రాదని అప్పుడే చెప్పేయండి.

డబ్బు మీ చేతికి తీసుకోకండి, కస్టమర్‌తోనే లింకులో కట్టించండి. తప్పక తీసుకుంటే సెలవులు పోను 24 గంటల్లో కంపెనీకి చేరాలి. ప్రీమియం చేరనిదే పాలసీ లేదు. ఈలోపు గుద్దుకుంటే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

వానకు మునిగే కాలనీల్లో ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ గురించి తప్పక చెప్పండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కార్లు నిండా మునిగాయి. నీళ్లలో ఉన్న బండిని స్టార్ట్ చేస్తే ఇంజిన్ దెబ్బతింటుంది, ఆ నష్టం మామూలు ఫుల్ ఇన్సూరెన్స్‌లో రాదు. "స్టార్ట్ చేయకండి, టోయింగ్ పిలవండి" అన్న మెసేజ్ జూన్‌లోనే పంపి ఉంచండి.

5. మొదటి క్లెయిమ్ ఫోను

రిపేరు మొదలుపెట్టొద్దని, ఫొటోలు తీసి కంపెనీకి చెప్పమని అనండి. తర్వాత లెక్క వేసి చూపించండి. జీరో డిప్ (భాగాల పాతదనానికి కోత లేకుండా ఇచ్చే అదనపు కవర్) లేని పై కారుకు 8,000 రూపాయల బంపర్ పోయిందనుకోండి. ప్లాస్టిక్‌కు 50 శాతం కోత పోగా 4,000, అందులో తప్పనిసరిగా కోసే 1,000 పోతే చేతికి 3,000. దానికోసం వచ్చే ఏడాది 4,500 ఎన్‌సీబీ పోతుంది. సొంత డబ్బుతో మార్పించుకోమని చెప్పండి. బంపర్‌తో పాటు డోరు, హెడ్‌లైటు కూడా పోయి బిల్లు 40,000 దాటితే మాత్రం క్లెయిమే. నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చే రోజున ఆర్‌సీ, డ్రైవ్ చేసినవాళ్ల లైసెన్సు ఒరిజినల్స్ షెడ్డులో ఉండేలా చూసుకోండి.