ఆర్బిట్రేషన్‌కు వెళ్లాలంటే ఒప్పందం రాసేనాడే చూసుకోవలసినవి

ఇంటి నిర్మాణ కాంట్రాక్టులోనో, భాగస్వామ్య వ్యాపారంలోనో డబ్బు దగ్గర పేచీ వస్తే, సివిల్ దావా వేయకుండా ఆర్బిట్రేటర్ (ఇరుపక్షాల వాదన విని తీర్పు చెప్పే ప్రైవేటు మధ్యవర్తి) ఎదుట తేల్చుకునే వీలును 1996 నాటి ఆర్బిట్రేషన్, కన్సిలియేషన్ చట్టం కల్పిస్తోంది. విడాకులు, క్రిమినల్ కేసులు దీని పరిధిలోకి రావు. పెద్దమనుషుల పంచాయితీలా నోటిమాట ఇక్కడ చెల్లదు. వివాదాన్ని ఆర్బిట్రేటర్‌కు అప్పగిస్తామన్న అంగీకారం రాతపూర్వకంగా ఉండాలి. గొడవ వచ్చాక కూడా రాసుకోవచ్చు గానీ, అప్పటికి ఇరుపక్షాలూ ఒకే కాగితంపై సంతకం పెట్టే పరిస్థితి అరుదు.

అందుచేత ఒప్పందం చివర్లో, సాధారణంగా ఎవరూ చదవని ఆ ఒక్క క్లాజును నిదానంగా చదవండి. ఆర్బిట్రేటర్లు ఎందరో (సరిసంఖ్య కారాదు, చిన్న మొత్తాలకు ఒకరు చాలు), వారిని ఎవరు నియమిస్తారో, విచారణ ఏ భాషలో జరుగుతుందో అందులో ఉండాలి. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే తెలుగు అనే రాసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం ఆర్బిట్రేషన్ స్థానం: అక్కడ ముంబయి అని ఉంటే, విజయవాడ కాంట్రాక్టరు అవార్డును (అంటే ఆర్బిట్రేటర్ ఇచ్చిన తీర్పును) సవాలు చేయడానికి ముంబయి కోర్టుకే వెళ్లాలి. ఏకైక ఆర్బిట్రేటర్‌ను ఎదుటిపక్షమే నియమిస్తుందన్న షరతుకు ఒప్పుకోకండి. వివాద ఫలితంతో సంబంధమున్నవారు అలా నియమించడాన్ని సుప్రీంకోర్టు 2019లో తోసిపుచ్చింది.

పేచీ వచ్చాక ఆర్బిట్రేషన్ కోరుతూ చట్టంలోని సెక్షన్ 21 కింద నోటీసు పంపాలి. అది ఎదుటివారికి అందిన రోజే ఆర్బిట్రేషన్ మొదలైనట్టు లెక్క. కాలపరిమితి చట్టం దీనికీ వర్తిస్తుంది కనుక, బాకీల విషయంలో సాధారణంగా ఉండే మూడేళ్ల గడువు దాటనివ్వకండి. నోటీసు అందాక 30 రోజుల్లో ఆర్బిట్రేటర్ నియామకం కుదరకపోతే హైకోర్టును ఆశ్రయించవచ్చు.

ఖర్చు సంగతి ముందే తెలుసుకోండి. జడ్జికి జీతం ప్రభుత్వం ఇస్తుంది. ఆర్బిట్రేటర్ ఫీజు కక్షిదారులే భరించాలి. 5 లక్షల వరకు వివాదానికి చట్టంలోని నమూనా పట్టిక 45,000 రూపాయలు చూపుతోంది. అంత పెట్టలేని చిన్న బాకీలకు, ఎదుటివారు రాజీకి సిద్ధపడితే, కోర్టు ఫీజు లేని లోక్ అదాలతే మేలని నా అభిప్రాయం.

ఇరుపక్షాల వాదపత్రాలు పూర్తయిన నాటి నుంచి 12 నెలల్లో అవార్డు రావాలి. ఇద్దరూ ఒప్పుకుంటే మరో 6 నెలలు పెంచుకోవచ్చు. సెక్షన్ 34 కింద అవార్డును సవాలు చేయడానికి, అది అందిన నాటి నుంచి మూడు నెలల గడువు ఉంటుంది, తగిన కారణం చూపితే ఇంకో 30 రోజులు. కోర్టు సాక్ష్యాలను మళ్లీ తూచదు. గడువు దాటితే అవార్డు కోర్టు డిక్రీలాగే అమలవుతుంది కాబట్టి, సంతకం చేసిన అవార్డు ప్రతి మీకు అందిన తేదీ తెలిపే కవరును పారేయకండి.