నిద్రమాత్రల చీటీ సగమే రాసి ఉంటే కౌంటర్లో ఏం చెయ్యాలి

ఇట్టాంటి చీటీలు రాత్రి షట్టర్ సగం దించాకే వస్తాయి. ఉలవపాడు పెద్దాయన ఒకాయన, నెల్లూరు పొగతోటలో చూపించుకుని ఇంటికి పోతూ కావలిలో బస్సు దిగి మా మందుల షాపుకొచ్చాడు. బీపీ మాత్రా, గ్యాస్ మాత్రా శుభ్రంగా రాసున్నాయి. కింద మాత్రం నిద్రమాత్ర, 'జోల్పిడెమ్, రాత్రి 1' అని ఉంది, అంతే. 5 మిల్లీగ్రాములదా 10దా లేదు, ఎన్ని రోజులకో లేదు, సంతకం ఉంది గానీ తేదీ లేదు. "ఐదుదే ఇచ్చెయ్ నాయనా, తక్కువదే గదా" అన్నాడు. పెద్ద వయసు వాళ్లకి మామూలుగా 5 రాస్తారని నాకూ తెలుసు, చెయ్యి షీటు దాకా పోయింది కూడా. కానీ ఆయన ఇంతకుముందు ఏం వాడాడో, పక్కన ఇంకేం మింగుతున్నాడో నాకు తెలీదు. ఇవ్వలేదు.

కొత్తగా కౌంటర్లో నిలబడేవాళ్లు ముందు మందు ఏ షెడ్యూల్‌దో, అంటే చట్టంలోని ఏ జాబితాదో చూడండి. షీటు మీద ఎర్ర గీతల గడిలో హెచ్చరిక ఉంటే హెచ్1. ఆల్ప్రజోలామ్, డయాజెపామ్, ట్రమడాల్, జోల్పిడెమ్ అన్నీ అందులోవే. 2014 మార్చి 1 నుంచి వీటికి వేరే రిజిస్టర్ పెట్టాలి: రాసిన డాక్టర్ పేరూ అడ్రసూ, పేషెంటు పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చాం. ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి. మిథైల్‌ఫెనిడేట్ లాంటి ఎక్స్ షెడ్యూల్ మందుకైతే 20ఎఫ్ లైసెన్సు ఉండాలి, సరుకు తాళంలో ఉండాలి, చీటీ రెండు కాపీలు కావాలి, అందులో ఒకటి రెండేళ్లు మన దగ్గరే ఉండాలి. ఆ లైసెన్సు లేని షాపు అయితే చీటీ ఎంత బాగా రాసున్నా తిప్పి పంపడమే.

చీటీలో ఏమేం ఉండాలన్నది 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలే చెబుతుంది: డాక్టర్ సంతకం, తేదీ, పేషెంటు పేరూ అడ్రసూ, మొత్తం ఎన్ని ఇవ్వాలి, డోసు ఎంత. ఇందులో ఏ ఖాళీనీ మన పెన్నుతో పూరించకూడదు, పేషెంటు కళ్లముందే అయినా సరే. రాసింది 'రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్' అయి ఉండాలని కూడా ఉంది, దాన్ని పట్టుకుని మా పక్క పల్లెల్లో "ఆర్ఎంపీ రాశాడు, చెల్లుద్ది" అంటారు. చట్టం చెప్పే ఆర్ఎంపీ మెడికల్ కౌన్సిల్లో నంబరున్న డాక్టరు, సైకిల్ మీద సూది పెట్టె పెట్టుకుని తిరిగే ఆర్ఎంపీ కాదు. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందా లేదా చూసుకోండి.

తర్వాత ఫోన్. పేషెంటు ఇచ్చిన నంబరుకి కాదు, చీటీ మీద అచ్చయిన నంబరుకో మీ దగ్గరున్న క్లినిక్ నంబరుకో చెయ్యండి. కాంపౌండర్ "ఆఁ, ఐదే అన్నా" అంటే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, డాక్టర్‌నే లైన్లోకి రమ్మనండి. ఫోన్లో తెలిసేది ఆయన మనసులో ఏముందో అంతవరకే, సంతకం ఫోన్లో రాదు. సరిచేసిన చీటీ ఆయన చేత్తో రాసి పంపాలి, దిద్దిన చోట మళ్ళీ సంతకం పెట్టాలి. "వాట్సాప్‌లో ఫోటో పెట్టిస్తా సార్" అని బతిమాలతారు. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఎక్స్ షెడ్యూల్ మందులూ, ఎన్డీపీఎస్ (మత్తుమందుల) చట్టం కిందికొచ్చే జోల్పిడెమ్ లాంటి మందులూ అసలు దూరం నుంచి రాయనే కూడదు, కాబట్టి ఆ ఫోటోతో వీటిని ఇవ్వకండి. ఎవరితో మాట్లాడారో, ఎన్ని గంటలకో మాత్రం రాసుకోండి.

ఇక్కడ ఒక సంగతి మర్చిపోతుంటారు. కొత్తగా నిద్రమాత్ర రాయించుకున్నాయన ఒక రాత్రి నిద్రపోకపోయినా కొంప మునగదు. అదే ఆల్ప్రజోలామ్ ఏళ్ల తరబడి వాడుతున్నావిడ మాత్రలు అయిపోయి సగం చీటీతో వస్తే, "లేదమ్మా, పో" అనేస్తే ప్రమాదం, ఒక్కసారిగా ఆపితే వణుకు, విపరీతమైన గాబరా, ఒక్కోసారి ఫిట్స్ దాకా పోతుంది. అట్టాంటప్పుడు ఎన్నాళ్ల నుంచి వాడుతుందో, ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకుందో అడిగి, అదే రాత్రి గవర్నమెంటు ఆస్పత్రి డ్యూటీ డాక్టర్ దగ్గరికి పంపండి. పాత షీటూ, చీటీ తీసుకుపొమ్మనండి. డాక్టర్ నాలుగు రోజులకి రాసినా చాలు, తేదీ, సంతకం ఉంటే ఇస్తాం.

ఖాళీ ఒకటైతే దిద్దుడు ఇంకొకటి. 10 పక్కన ఇంకో సున్నా చేరి ఉంటుంది, ఇంకు రంగు వేరుగా, కాస్త వాలుగా. చీటీని ట్యూబ్‌లైట్‌కి ఎత్తిపట్టి వెనకవైపు నుంచి చూడండి, పెన్ను నొక్కుడు తేడా తెలుస్తుంది. దొంగ అని అరవకండి, డాక్టర్‌తో మాట్లాడి ఇస్తానని చెప్పండి, నిజమైన పేషెంటు కూర్చుంటాడు, రెండోరకం మనిషి చాలాసార్లు చీటీ వదిలేసి కూడా పోతాడు.

చీటీ సరిగ్గా ఉన్నప్పుడు కూడా, ఇచ్చాక డాక్టర్ సంతకం పైన మన షాపు పేరూ అడ్రసూ, ఇచ్చిన తేదీ రాయాలి. సరుకు చాలక పదికి ఆరే ఇస్తే 'ఆరు ఇచ్చాం' అని అక్కడే రాయండి. మళ్ళీ ఇవ్వొచ్చని డాక్టర్ రాయకపోతే ఆ చీటీ ఒక్కసారికే. రాసిన మందు లేదని ఇంకోటి అంటగట్టకూడదు.

పెద్దాయనకి ఆ రాత్రి బీపీవీ గ్యాస్‌వీ ఇచ్చి, చీటీలో ఏం తక్కువైందో చిన్న కాగితం మీద మూడు లైన్లు రాసి పిన్ను కొట్టి పంపా. మూడోనాడు ఆయన కొడుకు కొత్త చీటీ తెచ్చాడు. 5 మిల్లీగ్రాములు, రాత్రి ఒకటి, మొత్తం 10 అని అంకెల్లో, పక్కన 'పది' అని అక్షరాల్లో.